బొమ్మ కింద ఫొటో తీసినవాళ్ల పేరు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు వేసిన బొమ్మలకి ఒక పేజీ ఇస్తున్నారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. ఈమధ్య ఇదే శీర్షికలో ఒకాయన రాశారు, వెళ్లని కొండల్నీ చూడని సముద్రాల్నీ ఎవరో తీసిన ఫొటో ముందు పెట్టుకుని గీసేస్తున్నారు, అది కాపీ కొట్టడమే తప్ప బొమ్మ వేయడం కాదు, అలాంటివి పేపర్లో వేయొద్దు అని. ఆయన బాధలో సగం న్యాయం ఉంది. ఫొటో ఎవరిదో చెప్పకుండా, అడక్కుండా, అంతా తన గొప్పే అన్నట్టు పేరు వేయించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. అలాగని ఆ బొమ్మలే ఆపేస్తే ఎలా అండీ, ఫొటో తీసినవాళ్లని అడిగి వేయాలి, బొమ్మ కింద వాళ్ల పేరు కూడా ఉండాలి, అంతే కదా కావాల్సింది. ఈ పద్ధతి మీ పేపరే మొదలుపెట్టాలని అడుగుతున్నా.

నేనూ అలా వేసేదాన్నే. నడుము సమస్య వల్ల ఎక్కువసేపు కూర్చుని ప్రయాణం చేయలేను, కొండలెక్కడం అయితే ఆలోచన కూడా చేయను. కానీ ల్యాండ్‌స్కేప్ అంటే ప్రాణం, పోర్ట్రెయిట్ వేయమంటే చెయ్యి రాదు గానీ మబ్బులు, నీళ్లు, రాళ్లు అంటే భోజనం కూడా గుర్తుండదు. అందుకని తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు చూసి వేస్తా. నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు, మంచం మీదున్నవాళ్లని చూసుకుంటూ ఇల్లు కదల్లేనివాళ్లు, సెలవు దొరకనివాళ్లు, ఒంట్లో ఓపిక లేనివాళ్లు, డబ్బుల్లేనివాళ్లు. వెళ్లలేకపోతే వేయొద్దు అంటే కొండలూ సముద్రాలూ తిరగగలిగినవాళ్లకే రాసిచ్చినట్టు అవుతుంది, అది నాకు అసలు నచ్చలేదు.

ఇది కొత్తగా ఇవాళ ఫోన్లు వచ్చాక మొదలైన అలవాటు అనుకుంటే అదీ కాదు. విన్సెంట్ వాన్ గో అనే డచ్ చిత్రకారుడు జపాన్ ముఖం చూడలేదు, కానీ హిరోషిగే అనే జపాన్ చిత్రకారుడు చెక్క అచ్చులతో చేసిన ప్రింట్ చూసి 1887లో వానలో వంతెన బొమ్మ వేశాడు, ఆ అసలు ప్రింట్ 1857 నాటిది, వంతెన మీద జనం వంగిపోయి పరిగెడుతుంటారు, ఏటవాలుగా వాన గీతలు. ఆన్రి రూసో అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన అడవులు ఎంత దట్టంగా ఉంటాయో చూసే ఉంటారు, ఆయన ఫ్రాన్స్ దాటి వెళ్లనే లేదు, పారిస్‌లో మొక్కల తోటకి వెళ్లి చూసి, బొమ్మల పుస్తకాలు చూసి వేశాడు. ఉత్రిల్లో అనే చిత్రకారుడైతే పారిస్‌లో తను పుట్టిపెరిగిన మోంమార్త్ర్ వీధుల్ని కూడా పోస్టుకార్డుల మీది ఫొటోలు చూసి వేసేవాడు. సెజాన్ అంటే ఆరుబయట కూర్చుని అదే కొండని మళ్లీ మళ్లీ వేసిన మనిషి అని అందరికీ తెలుసు, ఆయన కూడా ఫోంటెన్‌బ్లో అడవిలో కరుగుతున్న మంచు బొమ్మ 1879-80లో ఒక ఫొటో చూసే వేశాడు, ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. ఇంకొకళ్ల ఫొటోనో బొమ్మనో చూసి వేస్తే చిత్రకారుడే కాదు అనేట్టయితే వీళ్లందర్నీ గోడల మీంచి దించాలి మరి.

అయితే ఆ రోజుల్లో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి, నా అసలు గోడు దానిమీదే. పాల్ గోగాన్ 1893లో 'పాపే మోయే' అని ఒక బొమ్మ వేశాడు, తాహితి దీవిలో రాతి మధ్య నుంచి పడుతున్న నీళ్లకి నోరు పెట్టి తాగుతున్న మనిషి. అడవిలో నడుస్తుంటే ఒక అమ్మాయి అలా నీళ్లు తాగుతూ కనబడిందని తన రాతల్లో రాసుకున్నాడు, చదివినవాళ్లు నమ్మారు. కానీ ఆ దృశ్యం అక్కడే ఉండే ఛార్లెస్ స్పిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలోంచి వచ్చింది, అదే రాయి, అదే వంగిన ఒళ్లు, అవే నీళ్లు. పరిశోధన చేసేవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు కాబట్టి ఇవాళ మనకి స్పిట్జ్ పేరు తెలిసింది. బొమ్మలో రంగులు గోగాన్‌వే, ఆ ఎరుపూ ఆకుపచ్చా ఇంకెవరికీ రావు, ఒప్పుకుంటా. కానీ ఆ బరువైన కెమెరా మోసుకుని, అందులో గాజు ప్లేటు పెట్టి, ఆ మనిషిని అక్కడ నిలబెట్టి, వెలుతురు కోసం ఆగినవాడు ఒకడున్నాడు కదా. పాట పాడినవాళ్ల పేరుతోపాటు రాసినవాళ్ల పేరూ చెప్తాం కదా, ఇదీ అంతే.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1871లో అమెరికాలో ఎల్లోస్టోన్ ప్రాంతాన్ని సర్వే చేయడానికి ఒక బృందం వెళ్లింది, అందులో థామస్ మోరన్ అనే చిత్రకారుడు, విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఇద్దరూ ఉన్నారు. జాక్సన్ తీసినవి బ్లాక్ అండ్ వైట్, ఆ లోయల్లో పసుపు రాళ్లు, వేడినీటి గుంటల్లో నీలం, నారింజ ఇవేవీ వాటిలో రావు. మోరన్ వాటర్‌కలర్ స్కెచ్‌లు రంగుని పట్టుకున్నాయి గానీ, ఇది ఊహించి వేశాడేమో అని ఎవరైనా అనుకోవచ్చు. రెండూ కలిపి పార్లమెంటు సభ్యులకి చూపించారు, 1872 మార్చి 1న అది నేషనల్ పార్క్ అయింది. మోరన్ తర్వాత స్టూడియోలో పెద్ద కాన్వాసు వేసినప్పుడు తన స్కెచ్‌లతోపాటు జాక్సన్ ఫొటోలు కూడా చూసుకున్నాడు, ఇద్దరి పేర్లూ ఇవాళ్టికీ కలిసే వినబడతాయి. ఫొటో తీసినవాళ్లూ బొమ్మ వేసేవాళ్లూ ఇలా ఉండాలి అనిపిస్తుంది నాకు.

ఇక కాపీ కొట్టడం అన్న మాటకి వస్తా. ఫొటో చూసి వేయని వాళ్లకి ఇందులో పని ఏముంటుందో తెలియదు, అందుకే తేలిగ్గా అనేస్తారు. ఫొటోని ఉన్నదున్నట్టు దించితే వచ్చేది మంచి బొమ్మ కాదు, ఎందుకంటే ఫొటో కన్ను చూసినట్టు చూడదు. మీరే గమనించండి, ఎదురుగా ఆకాశమంత కొండ ఉందని ఫోన్ తీసి క్లిక్ చేస్తారు, ఫొటోలో చూస్తే కొండ చిట్టిగా వెనక్కి పోయి ముందున్న రోడ్డూ రాళ్లూ ఫ్రేమంతా పరుచుకుని ఉంటాయి. ఫోన్లో మామూలు కెమెరా వైడ్ లెన్సు కాబట్టి అలా అవుతుంది, దగ్గరవి పెద్దవి చేస్తుంది, దూరానివి చిన్నవి చేస్తుంది. దాన్ని చూసి కొలతలు పెట్టి గీస్తే ఆ కొండ ముందు నిలబడ్డ మనిషికి కలిగిన భయం బొమ్మలో ఉండదు. నేనైతే కొండని పైకి లాగుతా, ముందు రోడ్డుని కోసేస్తా.

రెండోది నీడలు. కెమెరాకి వెలుతురూ చీకటీ ఒకేసారి రెండూ దొరకవు, ఆకాశం బాగా రావాలంటే చెట్ల కింద నల్లగా పూసినట్టు అయిపోతుంది, చెట్లు రావాలంటే ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది. కన్నుకి ఆ నల్లటి నీడలో ఉన్నవి కూడా కనబడతాయి, కాస్త ఆగితే అన్నీ తేలతాయి. మంచు మీద నీడ నీలంగా ఉంటుంది, ఎందుకంటే ఎండ తగలని చోటికి ఆకాశం వెలుగు వస్తుంది కాబట్టి. ఇది తెలియని వాళ్లు ఫొటోలో బూడిదరంగు ఉందని బూడిదరంగే పూస్తారు, మంచు కాస్తా సిమెంటు అవుతుంది. ఇప్పటి ఫోన్లు ఇంకో గొడవ, అవే నాలుగైదు ఫొటోలు కలిపేసి, రంగులు పెంచేసి, దూరపు కొండని కూడా దగ్గర కొండంత స్పష్టంగా చూపించేస్తాయి. దూరం పోయేకొద్దీ కొండలు పల్చబడి నీలంగా మారతాయని మోనాలిసా వేసిన లియొనార్డో ఐదొందల ఏళ్ల క్రితమే తన నోటుబుక్కుల్లో రాసుకున్నాడు, మధ్యలో ఉన్న గాలి నీలం వెలుగుని చెల్లాచెదురు చేస్తుంది కాబట్టి అలా కనబడుతుందని మనకి ఇప్పుడు తెలుసు. ఫోన్ ఆ గాలిని తుడిచేస్తే బొమ్మ వేసేవాళ్లు మళ్లీ తెచ్చి పెట్టాలి. ఇదంతా ఎక్కడో ఆరుబయట కూర్చుని, కనీసం కిటికీ దగ్గర కూర్చుని, నిజమైన ఆకాశాన్నీ నిజమైన నీడనీ చూసి నేర్చుకుంటేనే వస్తుంది, ఫొటో మీద ఫొటో వేసుకుంటూ పోతే రాదు. ఈ విషయంలో ఆ ఉత్తరం రాసినాయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తా.

నేను ఫొటో దొరగ్గానే రంగులు తీయను. ముందు దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసుకుని కళ్లు చిట్లించి చూస్తా, తెలుపు, మధ్య, చీకటి అని మూడు ముక్కలుగా పెన్సిల్‌తో అరచేతంత స్కెచ్ వేస్తా, అది నిలబడకపోతే ఎంత అందమైన ఫొటో అయినా పక్కన పెట్టేస్తా. ఆ స్కెచ్ వేశాక ఫొటోని దాచేసి స్కెచ్ చూసే బొమ్మ మొదలుపెడతా, మధ్యలో అవసరమైతే తప్ప తీయను. సూర్యాస్తమయం ఫొటోలు చాలామంది పంపిస్తారు, నేను దాదాపు వేయను, వాటిలో ఫొటోయే అంతా చెప్పేసి ఉంటుంది, నాకు చేయడానికి ఏం మిగలదు.

అడిగి వేయమని నేను గట్టిగా ఎందుకు అంటున్నానో ఒక బొమ్మ సంగతి చెప్తే మీకే తెలుస్తుంది. ఐస్‌లాండ్ దక్షిణ తీరంలో రేనిస్‌ఫ్యారా అని నల్ల ఇసుక బీచ్ ఉంది, అగ్నిపర్వతాల లావా చల్లారి అయిన బసాల్ట్ రాయి అరిగి అరిగి ఆ ఇసుక అయింది, పక్కన అదే రాయి పలకలుగా, స్తంభాలు పేర్చినట్టు కొండంతా నిలబడి ఉంటుంది. ఒక అబ్బాయి అక్కడ తీసిన ఫొటో నా కంటపడింది. ఇసుక బూడిదరంగు, ఆకాశం తెల్లగా ఖాళీ, అల ముగ్గు అంచు వేసినట్టు ప్రశాంతంగా ఉంది. పరిచయం లేదు, అయినా మెసేజ్ పెట్టా, బాబూ నీ ఫొటో చూసి వాటర్‌కలర్ వేసుకోవచ్చా, ఎక్కడైనా పెడితే నీ పేరు రాస్తా అని. వేసుకోండి ఆంటీ, దానికి అడగడమెందుకు అన్నాడు. సరే అని ఊరుకోకుండా అడిగా, ఆకాశం నిజంగా అంత తెల్లగా ఉందా అని. లేదు ఆంటీ, కింద నీళ్లకి ఆనుకుని సన్నగా పసుపు చార ఉంది, పైన మబ్బులు ముదురు సీసం రంగు, ఫొటోలో అంతా పోయింది అన్నాడు. ఇసుక? ఇసుక బొగ్గులాగా నల్లగా ఉంది, తడి తగిలిన చోట మాత్రం అద్దంలా ఆకాశం కనబడుతోంది అన్నాడు. నాకప్పుడు వెలిగింది, ఫ్రేములో మూడొంతులు నల్ల ఇసుకే కదా, కెమెరా ఆ నలుపుని చూసి వెలుతురు చాలట్లేదు అనుకుని పెంచేసింది, ఇసుక బూడిద అయింది, ఆకాశం వెలిసిపోయి తెల్లబడింది.

గాలి ఎటునుంచి అని కూడా అడిగా. నిలబడలేకపోయాం ఆంటీ, ట్రైపాడ్ పట్టుకుని వంగి కూర్చున్నా, అక్కడ అలలు చెప్పకుండా ఒకటి ఎక్కువ దూరం వచ్చేస్తుంది, మనుషులు కొట్టుకుపోయిన చోటు అది, బోర్డులు కూడా పెట్టారు, నేను క్లిక్ చేసి వెనక్కి పరిగెత్తా అన్నాడు. అల వెనక్కి పోయేటప్పుడు గులకరాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ పెద్ద చప్పుడు వస్తుందట. ఇవేవీ ఫొటోలో లేవండీ, ఒక్కటి కూడా లేదు. ఇవి విన్నాక నా బొమ్మ మొత్తం మారిపోయింది. నల్లరంగు ట్యూబు ముట్టుకోలేదు, అది కాగితం మీద చచ్చిపోయినట్టు ఉంటుంది, అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు చిక్కగా కలిపి, కొండ కిందున్న పొడి ఇసుకకి గోధుమ వైపు, నీళ్ల దగ్గర తడి ఇసుకకి నీలం వైపు తిప్పా. తడి ఇసుకలో ఆ పసుపు చార నీడ పడాలి కాబట్టి అక్కడ ముందే పల్చగా పసుపు వేసి ఆరనిచ్చా. నురుగుకి తెల్లరంగు వాడకుండా కాగితం తెలుపే వదిలేశా, అంచులు మాత్రం పొడి బ్రష్‌తో ఈడ్చా, గాలికి నురుగు ఎగిరి చెదిరినట్టు. అయ్యాక ఆ అబ్బాయికి పంపిస్తే, ఇది నా ఫొటో కంటే ఆ రోజుకి దగ్గరగా ఉంది ఆంటీ అన్నాడు. ఆ మాట నాకు వచ్చిందంటే అడిగా కాబట్టి వచ్చింది, ఫొటో నెట్‌లోంచి దించేసుకుని మౌనంగా వేసుకుని ఉంటే బూడిద ఇసుక, ఖాళీ ఆకాశమే వేసి ఉండేదాన్ని. అందుకే ఆ బొమ్మ కింద ఆ అబ్బాయి పేరు రాయడం మర్యాద కోసం కాదు, ఆ గాలీ పసుపూ అతను ఇచ్చినవే.

చట్టం సంగతి కూడా నాలుగు ముక్కలు చెప్తా, తెలియక చేసేవాళ్లే ఎక్కువ. 1886లో మొదలైన బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు ప్రపంచంలో చాలా దేశాలు ఉన్నాయి, దాని ప్రకారం ఫొటో తీసినవాళ్లు ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు, తీసిన దగ్గర్నుంచీ హక్కు వాళ్లదే. నెట్‌లో అందరికీ కనబడుతోంది కాబట్టి అందరిదీ అనుకోవడం తప్పు. ఇంట్లో ప్రాక్టీసుకి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు గానీ, అమ్మినా, ఎగ్జిబిషన్‌లో పెట్టినా, పేపర్లో వేయించుకున్నా సంగతి వేరు. కొండని ఎవరైనా వేయొచ్చు, కొండ మీద ఎవరికీ హక్కు లేదు, కానీ ఆ కోణం, ఆ ఫ్రేము, ఆ క్షణం ఎన్నుకున్నది ఫొటో తీసినవాళ్లు, దాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే అక్కడ వస్తుంది పేచీ. క్రియేటివ్ కామన్స్ అని 2001లో ఒక సంస్థ పెట్టారు, ఫొటో తీసినవాళ్లే ముందుగా వాడుకోండి అని చెప్పే లైసెన్సులు వాళ్లవి. వాటిలోనూ రకాలు ఉంటాయి, పేరు వేస్తే చాలు అనేవి, అమ్మకూడదు అనేవి, మార్చి కొత్తది చేయకూడదు అనేవి, ఆ చివరి రకం ఉంటే బొమ్మ వేసి బయట పెట్టకూడదు. వికీమీడియా కామన్స్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో ప్రతి ఫొటో కింద ఇది రాసి ఉంటుంది, చదవడానికి అర నిమిషం పట్టదు.

పత్రికలకి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పి తీరాలి. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ 1981లో ప్రిన్స్ అనే గాయకుడి ఫొటో తీసింది. 1984లో ఒక పత్రిక ఆవిడకి 400 డాలర్లు ఇచ్చి, దాన్ని చూసి ఆండీ వార్హోల్ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి, ఆవిడ పేరు కూడా వేసింది. వార్హోల్ ఆ ఒక్కటితో ఆగకుండా అదే ఫొటోతో ఇంకా చాలా వేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయాక వాటిలో ఇంకో బొమ్మని పత్రిక కవర్ మీద వేశారు, ఈసారి ఆవిడ పేరూ లేదు, పైసా లేదు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023లో ఏడుగురు జడ్జీలు ఆవిడ వైపు, ఇద్దరు వార్హోల్ తరఫు సంస్థ వైపు తీర్పు చెప్పారు. అది మనిషి ముఖం, మనది కొండలూ నీళ్లూ, సరే, కానీ 1984లో వేసిన ఆ ఒక్క లైను పేరు 2016లో ఎందుకు వేయలేకపోయారు అన్నదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మిమ్మల్ని అడిగేది పెద్ద పనేం కాదు. బొమ్మలు పంపమని మీరు వేసే ప్రకటనలో ఇంకొక వాక్యం చేర్చండి, ఫొటో చూసి వేసి ఉంటే ఎవరి ఫొటో, వాళ్లు ఒప్పుకున్నారా అని. ఒప్పుకున్న మెసేజ్ స్క్రీన్‌షాట్ జత చేయమనండి. స్వయంగా చూసి వేసినవాళ్లు అదీ రాస్తారు, వాళ్లకి దక్కాల్సిన గౌరవం వాళ్లకి దక్కుతుంది, ఆ ఉత్తరం రాసినాయన కోరిందీ అదే అనుకుంటా. చాలా పోటీల్లో అయితే మీరే తీసిన ఫొటో తప్ప వేరేవాళ్లది చూసి వేయొద్దు అని నిబంధన పెడతారు, పోటీకి అది సరే, బహుమతి ఉంది కాబట్టి. పాఠకుల పేజీకి అంత కఠినం వద్దు, పేరు చాలు. పేరు దొరకని ఫొటో చూసి వేసింది వస్తే మాత్రం వేయకండి, ఎంత బాగున్నా సరే. పిల్లలు పంపే బొమ్మలకి మాత్రం ఈ లెక్కలు పెట్టి భయపెట్టకండి, వాళ్ల ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్తే చాలు.

ఈ ఉత్తరంతో ఆ నల్ల ఇసుక బీచ్ బొమ్మ పంపిస్తున్నా, కూడా ఆ అబ్బాయి తీసిన ఫొటో, వేసుకోండి అని అతను పెట్టిన మెసేజ్, పేరు అచ్చులో ఎలా రావాలో అతనే రాసిచ్చిన కాగితం. వేయడానికి వీలైతే రెండు పేర్లూ ఒకే సైజులో వేయండి, పేజీలో చోటు చాలకపోతే నా బొమ్మని చిన్నది చేయండి గానీ ఆ అబ్బాయి పేరు తీసేయకండి.

ఇట్లు
మీ పాఠకురాలు